తోటకు వెళ్ళిన రిఫ్లెక్టరు

మామిడి ఊళ్ళలో కాపు కాలానికి ఒక ధర్మం ఉంది. ఆ కాలంలో ఎవరి ఇంట్లో ఏ వస్తువున్నా అది తోటది. నిచ్చెన, టార్పాలిన్, మడత మంచం, పెళ్ళి వంటలకు దాచుకున్న గంగాళం, ఏదైనా తోటకు వెళ్ళవచ్చు. అడిగి తీసుకుపోతే పరాయితనం, అడగకుండా తీసుకుపోతే అయినతనం. కాపు దిగకముందే తిరిగి ఇమ్మనడం మాత్రం పెద్ద అమర్యాద. నూజివీడులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఈ ధర్మాన్ని నేనూ పాటించాను. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పుకుంటూ గడిపిన కాలంలోనూ, రిటైరై సొంత ఊరు చేరిన తరువాతా, మా తమ్ముడు నా ఇంట్లోంచి ఏది మోసుకుపోయినా నవ్వి ఊరుకున్నాను. చివరకు ఈ ధర్మం మా ఆయన కుడి భుజాన్ని తీసుకుంది. ఆ సంగతిని జరిగిన వరుసలోనే చెబుతాను. వరుస తప్పితే నాకు కోపం ఎక్కువవుతుంది.

మా ఆయన విశాఖ రేవులో టగ్గుల మీద పనిచేశారు. పెద్ద ఓడలను తాడు కట్టి లాగే పొట్టి పడవలను టగ్గులంటారు. ఉద్యోగం అయ్యాక నూజివీడు వచ్చి ఉండడం నా కోరిక. సముద్రం కనిపించకపోతే అన్నం సహించకపోవడం ఆయన బలహీనత. ఈ రెంటికీ రాజీగా ఒక చిన్న తెరచాప పడవ కొన్నారు. తెల్లటి ఫైబరు పడవ. ఇద్దరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. దాన్ని బందరు ఫిషింగ్ హార్బర్‌లో ఒక మూల కట్టి ఉంచేవారు. వారానికోసారి హనుమాన్ జంక్షన్ దాటి గుడివాడ మీదుగా కారులో వెళ్ళి, పొద్దున్నే నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దాటి బయటికి పోయి, ఎండ ముదిరేలోగా తిరిగి వచ్చేవారు. నేను హార్బర్ గట్టు మీద గొడుగు వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు ఈత రాదు, సముద్రం మీద నమ్మకమూ లేదు. ఆయన తిరిగి రావడం ఒక్కటే నాకు కావలసింది.

ఊళ్ళో మా పడవ కొన్నాళ్ళపాటు వినోదమైంది.

"రేవు లేని ఊరికి అల్లుడు పడవ తెచ్చాడంట!" అని మా పిన్ని బుగ్గలు నొక్కుకుంది.

"తోటలో కాలవ తవ్విద్దాంలే పిన్నీ, కాయలు పడవలో దింపుకోవచ్చు," అన్నాడు మా తమ్ముడు. "బావగారే సరంగు."

తమ్ముడికి ఆగిరిపల్లి రోడ్డులో మామిడితోట ఉంది. బంగినపల్లి ఎక్కువ, రసాలు కొన్ని. బావగారంటే వాడికి నిజంగా ఇష్టం. ఒకసారి సరదాపడి పడవెక్కి, మొగ దాటకముందే తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించుకుని వచ్చాడు. తరువాత కూడా గట్టు దాకా చాలాసార్లు వచ్చేవాడు. తాళ్ళు చుట్టేవాడు, పడవ కడిగేవాడు. వాడి ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. ప్రేమ ఉన్నవాళ్ళు చేసిన పని కాబట్టే దీని గురించి రాయవలసి వచ్చింది.

బందరు దగ్గర కొత్త రేవు పనులు మొదలయ్యాక అక్కడ టగ్గుల రాకపోకలు పెరిగాయి. ఒకనాటి ఉదయం మేము పడవ కట్టేస్తుండగా టగ్గు నడిపే సరంగు ఒకతను గట్టు మీద నడుచుకుంటూ వచ్చి మా ఆయనకు నమస్కారం పెట్టాడు. టగ్గుల మనుషులకు ఒకరంటే ఒకరికి గౌరవం.

"ఇందాక మొగ బయట మీ తెరచాప చూశానండీ," అన్నాడు. "కంటికి కనపడింది గానీ రాడార్లో మీరు లేరండీ. అసల్లేరు."

మా ఆయన నవ్వారు. "మేమంతేనయ్యా. దేవతల బాపతు. మనుషులకే గాని మిషన్లకి కనపడం."

సరంగు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. గుడివాడలో టీ తాగడానికి ఆగినప్పుడు అడిగాను.

"ఆ మాటకి ఎలా నవ్వారండీ?"

"మరి ఏడవమంటావా?"

"ఏం చెయ్యాలో ఆలోచించమంటున్నాను."

"ఆలోచన నీ డిపార్టుమెంటు కదా, లెక్చరర్ గారూ," అన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను.

రాడారు ఎలా పనిచేస్తుందో చెప్పడానికి పెద్ద మాటలు అవసరం లేదు. టగ్గు మీద తిరిగే ఆ యంత్రం అన్ని దిక్కులకూ ఒక కేక వేస్తుంది. ఆ కేక దేనికో తగిలి తిరిగి వస్తే తెర మీద చుక్క పడుతుంది. ఇనప ఓడకు తగిలిన కేక దండిగా తిరిగి వస్తుంది. ఫైబరు, గుడ్డ, మనిషి ఒళ్ళు అనేవి ఆ కేకను మింగేస్తాయి, లేదా దాటిపోనిస్తాయి. తెరచాప కట్టే స్తంభం లోహమే అయినా గుండ్రంగా, సన్నగా ఉంటుంది. తగిలినదాన్ని నాలుగు దిక్కులకూ చెదరగొడుతుంది తప్ప వచ్చిన దారిన పంపదు. వచ్చిన దారినే పంపగలిగేది మూల ఒక్కటే. మూడు పలకలు ఒకదానికొకటి లంబంగా కలిసిన మూల.

ఈ సంగతి తమ్ముడికి బంతితో చూపించాను. వాడు అప్పుడు మా వరండాలో కూర్చుని సలహా ఇస్తున్నాడు.

"దీనికింత చదువెందుకక్కా? తళతళలాడే స్టీలు పళ్ళెం ఒకటి పైన కట్టండి. ఆమడ దూరం కనపడుతుంది. మా తోటలో సీడీలు కడితే చిలకలు అటేపు చూడవు."

"చిలక కన్ను వేరు, రాడారు వేరు," అన్నాను. రబ్బరు బంతి ఒకటి వాడి చేతికిచ్చి గోడకు ఏటవాలుగా కొట్టమన్నాను. అది ఎటో పోయి తులసికోట దగ్గర పడింది. "ఇది పళ్ళెం. సరిగ్గా ఎదురుగా నిలబడితేనే నీకు తిరిగి వస్తుంది. కాస్త పక్కకు తిరిగిందంటే బంతి పోయినట్టే. పడవ మీద ఏదీ ఒక్క క్షణం నిలకడగా ఉండదు." తరువాత రెండు గోడలూ నేలా కలిసే మూలలోకి కొట్టమన్నాను. బంతి మూడు దెబ్బలు తిని వాడి చేతిలోకే వచ్చింది. ఇంకో పక్కనుంచి కొట్టాడు. మళ్ళీ వాడి వైపే వచ్చింది.

"భలే ఉందే!" అన్నాడు. చిన్నపిల్లాడిలా చాలాసేపు కొడుతూ కూర్చున్నాడు. "నువ్వు చెప్పాక ఇంకేముందక్కా."

అర్థమైందనుకున్నాను. ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, తల ఊపడానికీ అర్థం కావడానికీ తేడా తెలియనిదాన్ని కాదు. కాని ఇంట్లోవాళ్ళకు పరీక్ష పెట్టలేం కదా.

అలాంటి మూలలతో చేసి పడవకు కట్టేదాన్ని రిఫ్లెక్టరు అంటారు. కొనేటప్పుడు మా ఆయనకు గొట్టం లాంటిది నచ్చింది. తెల్లగా, నాజూకుగా, స్తంభానికి అతుక్కుని ఉంటుంది. గాలికి చప్పుడు చేయదు. దాని లోపల చిన్న చిన్న మూలలు పేర్చి ఉంటాయి. మూల చిన్నదైతే తిరిగి వచ్చే కేకా చిన్నదే అవుతుంది, పడవ ఒక పక్కకు ఒరిగితే ఆ కాస్తా పోతుంది. కాబట్టి వద్దన్నాను. బాటరీతో నడిచే రకం మరొకటి ఉంది. కేక వినగానే తనంత తాను గట్టిగా బదులు పలుకుతుంది. మా పడవలో టార్చిలైటుకు తప్ప బాటరీ లేదు. బాటరీ అయిపోయిన రోజున ఉండని రక్షణ నాకు అక్కర్లేదు. మిగిలింది అల్యూమినియం రేకులది. మూడు పలకలు ఒకదానిలో ఒకటి దూరి అడ్డంగా, నిలువుగా నిలబడతాయి. ఎటు చూసినా మూలే, మొత్తం ఎనిమిది మూలలు. పని అయ్యాక విప్పి చదునుగా మడిచి పెట్టుకోవచ్చు. చూడడానికి మాత్రం అందంగా ఉండదు.

"సంతలో గాలిపటాల కొట్టు పెట్టినట్టుంటుంది నా పడవ," అన్నారాయన.

"ఉండనివ్వండి," అన్నాను.

అది ఇంటికి వచ్చిన రోజున భోజనాల బల్ల మీద ఇద్దరం కలిసి బిగించాం. తాపీమేస్త్రీ వాడే మూలమట్టం తెప్పించి ప్రతి మూలా సరిచూశాను. పలకలు కాస్త వంగినా, మూల కాస్త విచ్చుకున్నా కేక పక్కదారి పడుతుంది. వేలాడదీసే పద్ధతి కూడా ముఖ్యం. చూడగానే ఎవరికైనా దాన్ని కొస పట్టుకుని, దీపాల పండుగ లాంతరులా వేలాడదీయాలనిపిస్తుంది. అలా చేస్తే చాలా దిక్కులకు రేకుల అంచులే కనిపిస్తాయి. ఒక మూల ఆకాశం వైపు తెరుచుకుని, వాన నీళ్ళకు పెట్టిన దొన్నెలా ఉండాలి. అందుకోసం ఆ దొన్నె అంచుకున్న మూడు కొసలకూ సన్నని తాళ్ళు కట్టి, వాటిని పైన ఒక్కటిగా ముడివేశాం. స్తంభానికున్న కప్పీ మీదుగా తాడు వేసి, వీలైనంత ఎత్తుకు లాగి, గాలికి ఊగకుండా కింద నుంచి మరో తాడుతో బిగించాం. ఎత్తు పెరిగిన కొద్దీ కనిపించే దూరం పెరుగుతుంది.

మొదటిసారి కట్టి వెళ్ళిన రోజున ఆ సరంగు టగ్గు మీది నుంచి మా ఆయనకు ఫోను చేశాడు. ఆయన ఆ మాట నాకు వినిపించడానికి గట్టుకు రాగానే మళ్ళీ ఫోను కలిపారు.

"ఇప్పుడున్నారండీ! చుక్కలాగా, చక్కగా. మేడంగారికి నమస్కారం చెప్పండి."

ఆ రోజు నేను గట్టు మీద కూర్చుని మామూలు కంటే ఒక కప్పు టీ ఎక్కువ తాగాను. ఈ కథలో నాకు గుర్తుంచుకోవాలనిపించే రోజు అదొక్కటే.

అప్పటినుంచి ఒక నియమం పెట్టాను. రేకులు పైకెక్కకుండా పడవ కదలకూడదు. ఆయన ఒప్పుకున్నారు. ఉప్పు గాలికి రేకులు పాడవకుండా ప్రతిసారీ ఇంటికి తెచ్చి, మంచి నీళ్ళతో కడిగి, విప్పి, వరండాలో బీరువా పక్కన నిలబెట్టేవారు. చూసినవాళ్ళకు తళతళలాడే మూడు రేకులు. ఆ జాగ్రత్తే మాకు చేటైంది. పడవలోనే వదిలేసి ఉంటే ఎవరి కంటా పడేది కాదు.

మరుసటి వేసవికి ఎండలు ముందే ముదిరాయి. గట్టు మీద కూర్చోవడం నా వల్ల కాక నేను బందరు వెళ్ళడం మానేశాను. ఆ రోజుల్లోనే చింతలపూడిలో దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి బీరువా పక్కన ఖాళీగా ఉంది.

"రేకులేవండీ?"

"ఆఁ... పడవలోనే ఉంచేశాన్లే. మోసుకు తిరగడమెందుకని."

"ఉప్పుకి పాడవుతాయి."

"గుడ్డ కప్పాన్లే."

మా ఆయన నాతో అబద్ధమాడిన సందర్భాలు నాకు తెలిసినంతలో తక్కువ. అందుకే నమ్మాను.

జరిగింది ఇది. ఆ ఏడు తోట మీద చిలకలు గుంపులుగా పడ్డాయి. పండే దాకా ఆగవు, టెంక గట్టిపడ్డ కాయను ఒక్క పోటు పొడిచి వదిలేసి ఇంకోదాని మీదికి పోతాయి. పొడిచిన కాయ బజారుకు పనికిరాదు. నేను పెళ్ళిలో ఉండగా తమ్ముడు నిచ్చెన కోసం మా ఇంటికి వచ్చాడు. బీరువా పక్కన రేకులు చూశాడు.

"బావగారూ, ఇది తోటకి తీసుకెళ్తున్నా. కాపు దిగాక ఇచ్చేస్తా."

మా ఆయన ఏమన్నారో తరువాత ఆయనే చెప్పారు. "దానిదేముంది, తీసుకెళ్ళు" అన్నారట. బావమరిది, అందులోనూ కాపు కాలం. అడ్డు చెబితే ఏమనుకుంటాడోనని మొహమాటం. నాతో చెబితే నేను వెళ్ళి తమ్ముడితో గొడవ పడతానని భయం. అందుకే అబద్ధం. మొహమాటాన్ని మనవాళ్ళు మంచి గుణంగా లెక్కవేస్తారు. అది ఎంతమందిని ముంచిందో ఎవరూ లెక్కవేయరు.

తమ్ముడు ఊరికే తీసుకుపోయి ఊరుకోలేదు. వాడి మనస్సాక్షి మంచిదే. తరువాతి ప్రయాణానికి బావగారితో బందరు దాకా వెళ్ళి, స్తంభానికి తన చేత్తో 'బదులు' కట్టి వచ్చాడు.

ప్రమాదం జరిగిన పూట నూజివీడులోనూ గాలివాన వచ్చింది. అంతకుముందు దాకా మబ్బు జాడ కూడా లేదు. ఒక్కసారిగా పడమర నల్లబడి, ఈదురుగాలి దుమ్ము లేపి, చినుకులు పెద్దవై, గంట తిరగకుండా అంతా అయిపోయింది. మా వైపు మామిడికీ మనుషులకీ గుండె జారే వాన అది. మొగ బయట మా ఆయన అప్పటికే తిరుగుముఖం పట్టి, గాలికి తెరచాప దించి, వాన తెరలో చిక్కుకున్నారు. ఎదురుగా రేవు నుంచి ఒక టగ్గు బయలుదేరింది. తెలిసిన సరంగుదే. ముందు కిటికీలోంచి అతనికి వాన తప్ప ఏమీ కనిపించలేదు, కాబట్టి రాడారు తెర మీద కళ్ళు పెట్టి, వేగం తగ్గించి నడుపుతున్నాడు. వేగం తగ్గించాడు కాబట్టే ఇవాళ మా ఆయన ఉన్నారు. టగ్గు అంచు పడవను పక్కనుంచి గుద్ది తోసుకుపోయింది. స్తంభం విరిగి ఆయన కుడి భుజం మీద పడింది. టగ్గు మనుషులు నీళ్ళలోకి దూకి ఆయనను పైకి లాగారు.

నాకు ఫోను వచ్చాక నేను మొదట తమ్ముడికే చేశాను. మా కారు ఆయనతో బందరులో ఉంది, వాడికి వేరే కారుంది. నేను నోరు తెరవకముందే వాడు అందుకున్నాడు.

"అక్కా, సగం కాయ రాలిపోయిందక్కా! చెట్ల కింద పచ్చగా పరుచుకుపోయింది, అడుగేసే చోటు లేదు..."

"బావగారి పడవని టగ్గు గుద్దింది రా."

వాడు రాలిన కాయను అలాగే వదిలేసి వచ్చాడు. వాడి చేతులకు మామిడి జీడి అంటుకుని ఉంది. కారంతా ఆ ఘాటు వాసన.

ఆయన బందరు ఆస్పత్రిలో మంచం మీద స్పృహలోనే ఉన్నారు. భుజం ఎముక మూడు చోట్ల విరిగిందన్నారు డాక్టరు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఒకే ఒక ప్రశ్న అడిగాను. "రేకులు కట్టారా?" ఆయన కళ్ళు మూసుకున్నారు. నొప్పి అనుకున్నాను.

మర్నాడు ఆయన వస్తువులు తెచ్చుకోవడానికి ఒక్కదాన్నే హార్బర్‌కు వెళ్ళాను. పడవను గట్టు మీదికి లాగి పడేశారు. ఒక పక్క బద్దలై ఉంది. విరిగిన స్తంభం దాని పక్కన పడుకోబెట్టి ఉంది. దాని చివర సీడీల దండ, చిలకలను తోలే వెండి రంగు రిబ్బను, మధ్యలో తీగతో కట్టిన స్టీలు పళ్ళెం. పళ్ళెం అంచున చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టి ఉన్నాయి. మా పుట్టింటి ఇంటిపేరు, కింద గృహప్రవేశం అని. తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు భోజనానికి వచ్చినవాళ్ళందరికీ పంచిన పళ్ళెం. అలాంటిది నా వంటింట్లోనూ ఒకటి ఉండేది. అందులో చారన్నం తిన్నాం.

సరంగు నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఆ వానలో రాడారు ఒకటే నా కళ్ళు మేడమ్. పోయినేడు చక్కగా కనపడేవారు. నిన్న మీరు లేరండీ," అన్నాడు. ఆయన లేకపోవడమంటే ఇద్దరమూ లేకపోవడమే అన్నట్టు, మీరు అనే అన్నాడు. నేను సరిదిద్దలేదు.

ఆ రేకులుంటే ప్రమాదం తప్పేదా అని తరువాత నన్ను నిలదీసినవాళ్ళున్నారు. తప్పేదని ప్రమాణం చేయలేను. వాన కూడా రాడారు తెర మీద చుక్కలు వేస్తుంది. వాటి మధ్య మన చుక్క తప్పిపోవచ్చు. రిఫ్లెక్టరు కట్టుకున్నవాడు కూడా కళ్ళు తెరుచుకునే ఉండాలి. కాని కనిపించే అవకాశం అంటూ ఒకటి ఉంటుంది. ఆ అవకాశాన్ని నేను మూలమట్టం పెట్టి సరిచూసి కట్టాను. దాన్ని విప్పి చిలకల కోసం కట్టారు.

పళ్ళెం సంచిలో వేసుకుని ఆస్పత్రికి వచ్చాను. తమ్ముడు వరండాలో బెంచీ మీద ఉన్నాడు.

"ఇది పడవ మీద ఎందుకుంది రా?"

"రేకులది తోటకి తీసుకెళ్ళానక్కా. ఊరికే తీసుకెళ్ళలేదు. బదులు కట్టాను. దానికన్నా ఇదే బాగా మెరుస్తుంది, తెలుసా? గట్టు మీద నించుని చూస్తే కళ్ళు జిగేల్మన్నాయి."

"బంతి గుర్తుందా నీకు?"

"ఏ బంతి?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి నిజమైన నీళ్ళే. వాటిని చూసి జాలిపడే స్థితిలో నేను లేను.

చూడడానికి వచ్చిన బంధువులందరూ ఒకే పాట పాడారు. "ప్రాణం దక్కింది, అదే పదివేలు," అంది పిన్ని. "తమ్ముణ్ణి ఏం అనకమ్మాయ్. వాడసలే కాయ రాలి కుమిలిపోతున్నాడు. కాపు దిగాక ఇచ్చేస్తానన్నాడుగా పాపం." ఆమె దృష్టిలో అది సమాధానం. ఒప్పందం ప్రకారం వస్తువు తిరిగి వచ్చేదే, మధ్యలో వాన వచ్చింది. అంతే.

మా ఆయన కూడా అదే పక్షం. "వాడినేం అనకు. ఇమ్మని అడగాల్సింది నేను, అడగలేదు," అన్నారు.

"నాతో చెప్పాల్సింది కూడా మీరే."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? అక్కాతమ్ముళ్ళ మధ్యకి నేనెందుకు రావాలి?"

అక్కాతమ్ముళ్ళ మధ్యకు రాకూడదని ఆయన టగ్గుకు ఎదురు వెళ్ళారు.

భుజం అతికింది గాని, చెయ్యి ఛాతీ కంటే పైకి లేవదు. తాడు లాగలేరు. తాడు లాగలేనివాడికి తెరచాప పడవ లేదు. బద్దలైన పడవను హార్బర్‌లోనే ఎవరికో ఇచ్చేశారు. కారు ఇప్పుడు బందరు వైపు తిరగదు. ఆయన పొద్దున్నే లేచి వరండాలో కూర్చుంటారు. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చెబుతారు. నేను ఊఁ కొడతాను.

రాలగా మిగిలిన కాపు దిగింది. తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు. రేకులు కడిగి, పాత చీరలో చుట్టి తెచ్చాడు. వాటితోపాటు గంప నిండా బంగినపల్లి కాయలు. ఒక్కో కాయా నున్నగా, మచ్చ లేకుండా ఉంది.

"చూడక్కా, గాలివానకి రాలినవి రాలాయి గాని, చెట్టున నిలిచిన కాయని ఒక్కదాన్నీ చిలక ముట్టలేదు. అంతా బావగారి పుణ్యం."

వాడు పరిహాసానికి అనలేదు. కృతజ్ఞతగానే అన్నాడు. తోటలో ఆ రేకులను ఎలా కట్టాడో ప్రమాదం తరువాత ఒకసారి వెళ్ళినప్పుడు చూశాను. ఒక్క కొస పట్టుకుని, లాంతరులా. చిలకలకు అది చాలింది.

ఆయనకు కాయ కోసి ముక్కలు పెట్టాను. నేను తినలేదు. "నువ్వు తినవా?" అంటే పన్ను నొప్పి అన్నాను. ఆ వేసవంతా నాకు పన్ను నొప్పే.

మరుసటి ఏడు పిందె కట్టాక తమ్ముడు మళ్ళీ వచ్చాడు. కాఫీ తాగాడు. బావగారితో గాలి సంగతి, వాన సంగతి మాట్లాడాడు. లేస్తూ బీరువా వైపు చూశాడు.

"అక్కా, ఊరికే పడుందిగా. ఈ ఏటికి తోటకి తీసుకెళ్తా. బావగారు ఎటూ పడవెక్కరు."

మా ఆయన కుర్చీలోంచే అన్నారు. "తీసుకెళ్ళనీవే. నాకెందుకిక?"

"ఇవ్వను," అన్నాను.

తమ్ముడు నవ్వాడు, నేను ఎప్పటిలా వేళాకోళం ఆడుతున్నాననుకుని. నేను నవ్వకపోవడం చూసి వాడి నవ్వు ఆగిపోయింది. "ఏం చేసుకుంటావక్కా దాన్ని?"

"ఏమీ చేసుకోను. ఇక్కడే ఉంటుంది."

"కాపు కాలం అక్కా..."

"తెలుసు."

మా ఇంటి చరిత్రలో కాపు కాలంలో తోటకు ఒక వస్తువు ఇవ్వనని అన్నది నేనొక్కదాన్నే. వారం తిరగకుండా ఆ మాట బాపులపాడు దాకా వెళ్ళింది. పిన్ని ఫోను చేసి, "రేకు ముక్కల కోసం తమ్ముణ్ణి వదులుకుంటావా?" అని అడిగింది. మరదలు రెండు నెలలు మా గుమ్మం తొక్కలేదు. మా ఆయన నాతో మాట్లాడారు గాని, గాలి సంగతి చెప్పడం కొన్నాళ్ళు మానేశారు.

కాయ పండే వేళకు తమ్ముడే వచ్చాడు. మొహం చూస్తే కోపమో సర్దుబాటో చెప్పలేను. గంప దించి పైనున్న గడ్డి తీశాడు. ప్రతి కాయకూ ఒక పక్క చిలక పోటు. నల్లటి గంటు, చుట్టూ పసుపు.

"ఈ ఏడు చిలకలు బాగా మేశాయక్కా," అన్నాడు. "బజారుకి పనికిరానివి ఏరి నీకు తెచ్చాను. చిలక కొట్టిన కాయ తీపంటారుగా."

"అక్కడ పెట్టు," అన్నాను.

వాడు కాఫీ అడగలేదు. నేను ఇస్తాననలేదు. గేటు చప్పుడయ్యాక కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. పోటు ఉన్న వైపు కోసి పారేసి, మిగిలింది ముక్కలు చేసి ఆయనకు పళ్ళెంలో పెట్టాను. గృహప్రవేశం పళ్ళెం కాదు. అలాంటివి రెండూ ఇంట్లో ఉంచుకోలేదు. ఆయన ఎడమ చేత్తో ఒక ముక్క తీసుకున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"తియ్యగానే ఉంది. నీ పన్ను నొప్పి తగ్గిందా?"

తగ్గిందన్నాను. టెంక పట్టుకుని, పీచు తెల్లబడేదాకా తిన్నాను.